ఏనుగుగుండు మీదినుంచి

మా మనవడు ఈత నేర్చుకొంటున్నాడు. ఉప్పల్‌లో ఒక స్విమ్మింగ్‌పూల్ ఉంది. నెలకింతని ఫీజు. నీళ్ళు చూడడానికి నీలంగా ఉంటాయి. నీలం నీళ్ళది కాదనీ, అడుగున పరచిన పలకలదనీ తెలుసుకోవడానికి నాకు రెండురోజులు పట్టింది. తలకు రబ్బరుటోపీ, కళ్ళకు అద్దాలు, చెవులకు బిరడాలు — ఇన్ని అలంకారాలతో వాడు నీళ్ళ దగ్గరకు నడుస్తుంటే పెళ్ళిపీటల మీదికి వెళుతున్న పెళ్ళికొడుకులా కనిపిస్తాడు. గట్టుమీద ప్లాస్టిక్ కుర్చీలో, వాడి తువాలు ఒళ్ళో పెట్టుకొని కూర్చోవడం నా ఉద్యోగం. పింఛను పుచ్చుకొంటున్నవాడికి అంతకంటె పెద్ద ఉద్యోగం ఎవరిస్తారు?

రెండేళ్ళ క్రితం, వాడు కొత్తగా చేరిన రోజుల్లో, నాచారానికి తిరిగి వస్తూ స్కూటరు వెనకనుంచి అడిగాడు:

"తాతా, నీకు డైవింగ్ వచ్చా?"

"వచ్చురా."

"సర్టిఫికెట్ ఉందా?"

ఏం చెప్పను? వాడికి ఈతరాని వారంలోనే ఒక సర్టిఫికెట్ ఇచ్చారు. ఇంటికి వచ్చి ఈ మాట చెబితే మా ఆవిడ వంటింట్లోనుంచే, "లేకేమి? మీ తాత నెత్తిన ఉంది, చూడు" అన్నది.

వాడు నిజంగానే వచ్చి చూచాడు. నుదుటికి పైన, వెంట్రుకలు పలచబడి ఇప్పుడు మరీ బాగా కనిపిస్తున్నది, రెండంగుళాల మచ్చ. దాని కథ చెప్పమని కూర్చున్నాడు. చెప్పాలంటే మా ఊరు చెప్పాలి, మా అన్నను చెప్పాలి. అన్న సంగతి వచ్చేసరికి నాకు నోరు పెగలదు. అప్పటికి ఏదో చెప్పి తప్పించుకొన్నాను.

మాది పాత కొల్లాపూరు తాలూకాలో కృష్ణ ఒడ్డునున్న పల్లె. పేరు చెప్పి లాభంలేదు. 1981 నుంచి అది శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళకింద ఉన్నది. ఆ పక్కలన్నీ పేరున్న పక్కలే. కొల్లాపూరు జటప్రోలు సంస్థానాన్ని ఏలిన సురభివారి రాజధాని. నదివెంట పైకి వెళితే ఆలంపురం. బాదామి చాళుక్యులు కట్టించిన నవబ్రహ్మ ఆలయాలు పదమూడువందల ఏళ్ళుగా అక్కడ నిలిచి ఉన్నాయి. కిందికి వెళితే నల్లమల, శ్రీశైలం. ఇంత చరిత్రనూ మేము, పిల్లలం, ఎక్కడానికీ దుంకడానికీ వాడుకొన్నాం. రేవు దగ్గరి మంటపపు స్తంభాలు ఏ రాజు నిలిపినవో మాకు తెలియదుగాని, తడిచెడ్డీలు ఆరవేసుకోవడానికి మహా వీలుగా ఉండేవి.

అన్న నాకంటె ఐదేళ్ళు పెద్ద. నాకు ఈత నేర్పినవాడు అన్నే. మొదట నదిలో కాదు, మోటబావిలో. ఎండిన సొరకాయబుర్ర నడుముకు కట్టి, తను కింద మెట్టుమీద నిలబడి, "దుంకు" అనేవాడు. నేను ఏడ్చేవాడిని. "ఏడ్సుకుంటనే దుంకు" అనేవాడు. వారం గడిచాక ఒకరోజు బుర్ర కడుతున్నట్టే కట్టి ముడి వేయలేదు. దుంకాను, బుర్ర ఒకదిక్కుకు పోయింది, నేనొక దిక్కుకు పోయాను. పైకి వచ్చి మెట్టు పట్టుకొన్న తరువాత గాని నాకు ఆ సంగతి తెలియలేదు. అంతే, ఈత వచ్చేసింది.

బావి దుంకుళ్ళకు మేము పేర్లు పెట్టుకొన్నాం. నిటారుగా కాళ్ళమీద పడితే రోకలి. మోకాళ్ళు ముడుచుకొని పడితే కప్ప; దానికి గట్టుమీదివాళ్ళందరూ తడవాలి. చేతులు ముందుకు చాచి తలకిందులుగా చప్పుడులేకుండా దిగితే కొంగ. కొంగ అన్నకే బాగా వచ్చేది. ఎడ్లు మోట లాగుతున్నప్పుడు దుంకగూడదు, ఆడవాళ్ళు నీళ్ళకు వచ్చినప్పుడు అసలే దుంకగూడదు. ఈ కట్టుబాట్లు తప్పినందుకు బావిగల ఆసామి ఒకమారు మా బట్టలన్నీ మూటకట్టి ఇంటికి పట్టుకొనిపోయాడు. మోదుగాకులు అడ్డం పెట్టుకొని ఐదుగురం ఊరిమధ్య నడిచాం. ఆ నడకను మా ఊరి ఆడవాళ్ళు నా పెళ్ళిలో కూడా మా ఆవిడకు చెప్పారు.

బావిలో నెగ్గినవాడికి ఏనుగుగుండు. మంటపానికి కొంచెం దిగువన, నదిలోకి మెడచాచినట్టుండే పెద్దబండ. ఎండాకాలంలో నీళ్ళమీద రెండు నిలువుల ఎత్తుండేది. దానికింద మడుగు. దుంకితే సరిపోదు, అడుగుదాకా వెళ్ళి పిడికెడు ఇసుక తెచ్చి అందరికీ చూపించాలి. ఉత్తచేతులతో తేలితే ఆ దుంకుడు లెక్కలోకి రాదు. మడుగులో మొసలి ఉందని పెద్దవాళ్ళు భయపెట్టేవారు. కృష్ణలో మొసళ్ళు ఉన్నమాట నిజమే. మా మడుగులో ఉన్నదో లేదో, అది మాత్రం మా అరుపులకు ఎన్నడూ బయటికి రాలేదు.

ప్రయాణమంటే మాకు పుట్టి ప్రయాణమే. వెదురుతో అల్లిన పెద్దతట్ట, నీళ్ళు చొరకుండా అడుగున పూత. బెస్త తెడ్డు వేస్తుంటే అది గుండ్రంగా తిరుగుతూ ముందుకు పోతుంది. శివరాత్రికి నాయన మమ్మల్ని అందులో ఎక్కించి ఆవలి ఒడ్డున సంగమేశ్వరానికి తీసుకొని వెళ్ళేవాడు. కృష్ణ, వేణి, తుంగ, భద్ర, భీమరథి, మలాపహారిణి, భవనాశి — ఏడు నదులు కలిసే చోటని దానికి పేరు. గుళ్ళో ఉన్నది వేపమొద్దు లింగం, ధర్మరాజు ప్రతిష్ఠించాడంటారు. అమ్మ పుట్టి ఎక్కిన క్షణంనుంచి దిగేదాకా కళ్ళు తెరవకుండా సంగమేశ్వరుణ్ణి తలచుకొనేది. దిగిన తరువాత, తెచ్చిన సద్దిమూట పుట్టిలోనే మరచిపోయి వచ్చేది.

ఇక మచ్చ సంగతి.

1968లో కృష్ణ పుష్కరాలు వచ్చాయి. నాకప్పుడు పదేళ్ళు. మా రేవుకు అంతమంది జనం రావడం నేను అదే చూడడం. స్నానం చేసినవాళ్ళు నదిలోకి డబ్బులు వేస్తారు. ఐదుపైసలు, పదిపైసలు, పట్నంనుంచి వచ్చినవాళ్ళయితే పావలా, అర్ధరూపాయి. పుణ్యం వాళ్ళకు, డబ్బులు మాకు. ఎర్రనీరు ఇంకా తేరలేదు; లోపల కళ్ళు తెరిచినా మూసినా ఒకటే. రేవుమెట్లవెంట వేళ్ళతో తడుముకొంటూ వెళ్ళాలి. దొరికినది దొరికినట్టు బుగ్గలో పెట్టుకోవాలి, చెడ్డీకి జేబులుండవు గనుక. పొద్దుటినుంచి మధ్యాహ్నందాకా అన్న బుగ్గలో రూపాయి ముప్పావలా చేరింది. మాట్లాడకుండా ఒక్కొక్కసారి వేళ్ళతో లెక్క చూపించేవాడు. రూపాయి ముప్పావలా అంటే ఆ రోజుల్లో మా ఇంట్లో చిన్న సంగతి కాదు.

ఎవరో ఆసామి కొంచెం దూరంగా అర్ధరూపాయి విసిరాడు. అది ఎండలో మెరిసి నీళ్ళలో పడడం చూచాను. అన్నకంటె ముందు అందుకోవాలని మెట్టుమీదినుంచి కొంగ వేశాను. అక్కడ నీళ్ళకింద విరిగిన స్తంభమొకటి పడి ఉన్నది. తల దానికి కొట్టుకొన్నది. ఆ తరువాత నాకు తెలిసిందల్లా ఎవరో జుట్టు పట్టుకొని లాగడం. అన్నే. వరదపాటు నన్ను లాగుతుంటే, ఒకచేత్తో జుట్టు పట్టుకొని, సాయం రమ్మని కేక వేయడానికి నోరు తెరిచాడు. తెరవగానే రూపాయి ముప్పావలా కృష్ణార్పణం!

గాయానికి పసుపు అద్దారు. నాయన ఇద్దరినీ కొట్టాడు, గాయపడినవాడినని నన్ను కొంచెం తక్కువగా. ఆ రాత్రి అన్న నా చెవిలో అన్నాడు: "రూపాయి ముప్పావల బాకీ ఉన్నవు నాకు." అదొక ఆటయిపోయింది. బడికి వెళ్ళేటప్పుడు, నేను పది పాసయినప్పుడు, నా పెళ్ళి పీటలమీద కూడా — "బాకీ యాదుందా?" అనేవాడు. ఆ బాకీ తీరకుండా ఉండడమే మా ఇద్దరికీ ఇష్టం.

శ్రీశైలం ప్రాజెక్టుకు 1963లోనే నెహ్రూ శంకుస్థాపన చేశాడు. మా ఊళ్ళో ఎవరూ నమ్మలేదు. అంత దూరాన గోడ కడితే ఇక్కడి మా ఇల్లు మునగడమేమిటని మా అవ్వ నవ్వేది. 885 అడుగుల మట్టానికి నీరు నిలబడితే ఏయే ఊళ్ళు మునుగుతాయో కొలిచి రాళ్ళు పాతినా నవ్వేది. 1980లో మళ్ళీ పుష్కరాలు వచ్చాయి. మా ఊరికి అవే ఆఖరివి. 1981లో ఊళ్ళు ఖాళీ చేయించారు. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో సుమారు నూరు ఊళ్ళు. గుళ్ళు కొన్ని నయం. కూడవెల్లి గుడినీ, సోమశిల గుడినీ, జటప్రోలు గుడినీ విప్పి, తరలించి, మెరకన మళ్ళీ కట్టారు. మా ఇంటి దూలాలను మేమే విప్పుకొన్నాం. గోడలు అక్కడే వదిలిపెట్టాం.

పరిహారం డబ్బు చేతికి వచ్చిన రాత్రి అన్నకూ నాకూ మాట పెరిగింది. కొల్లాపూరు దగ్గర మెట్టభూమి ఏదైనా కొని అందరం ఒకచోట ఉందామన్నాడు అన్న. నాకు ఇరవైమూడేళ్ళు, పట్నం పిచ్చి. నాచారంలో కార్ఖానాలున్నాయి, నా వాటా నాకు పడేస్తే నా దారి నేను చూసుకొంటానన్నాను. "ఒక్కసారి ఊరు మునిగింది సాలదా? ఇల్లు గూడ ముంచుతవా?" అన్నాడు. పెద్దవాడు, బాధలో అన్న మాట. నేనేం చేశానో తెలుసా? లెక్కపెట్టిన నోట్లపక్కనుంచి ఒక రూపాయి, మూడు పావలాలు తీసి అన్న ముందు నేలమీదికి విసిరాను. "ఇదిగో నీ బాకీ. ఇంక మనకేం లేదు" అన్నాను.

అన్న వాటివైపు చూచాడు. లేచి బయటికి వెళ్ళిపోయాడు. అమ్మ ఆ డబ్బులు ఏరి కొంగున ముడివేసుకొన్నది.

ఒక ట్రంకుపెట్టెతో, మా ఆవిడతో గౌలిగూడ బస్టాండులో దిగాను. (ఆ రేకుల షెడ్డు కూడా 2018లో కూలిపోయింది.) నాచారంలో లేతుపని దొరికింది. కొన్నాళ్ళకు నా వాటా డబ్బుతో ఒక ప్లాటు కొన్నాను. అప్పటికి ఇక్కడ ఇంకా పొలాలున్నాయి, బావులున్నాయి. కార్ఖానాల వెనక ఒక బావి ఉండేది. ఆదివారాలు షిఫ్టులోని కుర్రవాళ్ళకు అందులో దుంకడం నేర్పాను. ఒకడు మరాఠీవాడు, ఒకడు బీహారువాడు. 'రోకలి', 'కప్ప' అనే మాటలు ముందు నేర్చుకొని, తెలుగు తరువాత నేర్చుకొన్నారు. కొంగ మాత్రం ఎవరికీ చూపించలేదు. తరువాత ఆ బావి పూడ్చేశారు. ఇప్పుడు అక్కడ ఐదంతస్తుల అపార్టుమెంటు ఉంది. లిఫ్టుగుంటలో ఎప్పుడూ చెమ్మ ఊరుతుందనీ, ఎందుకో ఏ ఇంజనీరుకూ అంతుపట్టడం లేదనీ అక్కడి వాచ్‌మన్ అంటుంటాడు. నాకు తెలుసు. నన్నెవరూ అడగలేదు.

అన్నతో మాటలు లేవు. పెళ్ళిళ్ళలో ఎదురుపడితే తల ఊపుకొనేవాళ్ళం. అమ్మ పోయినప్పుడు పదిరోజులు ఒకే ఇంట్లో ఉండి కూడా, ఏదైనా చెప్పాలంటే పిల్లలచేత చెప్పించుకొన్నాం. తప్పు నాదని తెలుసు. తెలిసినకొద్దీ మాట రావడం కష్టమవుతుంది, అదేం చిత్రమో!

2020 అక్టోబరు 13వ తేదీ రాత్రి హైదరాబాదులో కురిసిన వాన మీకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. ఉప్పల్, నాచారం ప్రాంతాల్లో చెరువులు ఇళ్ళ మధ్యకు వచ్చాయి. మా ఇంట్లో మోకాలిలోతు నీళ్ళు. బియ్యం, పరుపులు మేడమీదికి చేర్చి మెట్లమీద కూర్చున్నాం. తెల్లవారుజామున ఫోను మోగింది.

"నీళ్ళొచ్చినయంట గద?"

ముప్పైతొమ్మిదేళ్ళ తరువాత ఆ గొంతు నన్ను పలకరించడం.

"ఆ... మోకాళ్ళదాక" అన్నాను.

"పిల్లలో?"

"అందరం మీదున్నం."

కొంచెంసేపు మాటలేదు. తరువాత, "ఈత మరువలేదు గద?" అన్నాడు.

నేను నవ్వబోయి ఏడ్చాను. మా ఆవిడ ఫోను అందుకొని మిగిలిన సంగతులు మాట్లాడింది.

2023లో కృష్ణకు సరైన వరద రాలేదు. 2024 వేసవికి శ్రీశైలం నీరు బాగా దిగిపోయింది. "ఊరు తేలింది. పిల్లగాన్ని తీస్కొని రా" అని అన్న కబురు చేశాడు. హబ్సిగూడలో మెట్రో ఎక్కి, పెరేడ్ గ్రౌండ్స్ దగ్గర మారి, ఎంజీబీఎస్‌లో దిగి కొల్లాపూరు బస్సు పట్టుకొన్నాం నేనూ మనవడూ. వాడి సంచిలో ఈతటోపీ, కళ్ళద్దాలు, చెవిబిరడాలు, అన్నీ ఉన్నాయి. జడ్చర్ల దాటాక వాడు నిద్రపోయాడు. నాకు నిద్ర పట్టలేదు. అన్నను చూడగానే ఏమనాలో, ఆ విసిరిన డబ్బుల సంగతి ఎట్లా ఎత్తాలో, నాగర్‌కర్నూలుదాకా మాటలు కూడబలుక్కొన్నాను.

బస్టాండులో అన్న నిలబడి ఉన్నాడు. డెబ్బైయొక్క ఏళ్ళు. చేతిలో మామిడిపండ్ల సంచి. కొల్లాపూరు మామిడి సంగతి మీకు వేరే చెప్పనక్కరలేదు. నేను కూడబలుక్కొన్న మాటల్లో మొదటిది అనేలోపల, "సన్నబడ్డవేందిరా" అని సంచి నా చేతికిచ్చి, మనవడి చెయ్యి పట్టుకొని ముందు నడిచాడు.

ఎండిన మేటమీద చాలాదూరం నడిచాం. నెర్రెలిచ్చిన నల్లమన్ను, అందులో ఆల్చిప్పలు. అక్కడక్కడ ఎవరో తడి ఆరకముందే విత్తనం వేశారు. ఊరంటే మోకాలెత్తు గోడలు. మా ఇంటి కడపరాయి దొరికింది. రోలు దొరికింది, సగం పూడిపోయింది. మనవడు కడపనుంచి వెనకగోడదాకా అడుగులు వేసి కొలిచి, "ఇంతేనా తాతా? ఇందులో ఎంతమంది ఉండేవాళ్ళు?" అన్నాడు. తొమ్మిదిమంది అని చెబితే నమ్మలేదు. అన్న రోలుమీద మన్ను చేత్తో తుడిచి, ఏమీ అనకుండా లేచాడు.

ఏనుగుగుండు ఉన్నది! అయితే చిక్కిపోయింది. ఏళ్ళతరబడి మేటవేసి అడుగంతా పైకి వచ్చింది. రెండు నిలువుల బండ ఇప్పుడు ఒక నిలువు. అన్న పొడుగాటి వెదురుగడ తెచ్చాడు, ఒక్కొక్క చోట గుచ్చి చూచి, "గీ పక్కకే. ఆ పక్క బురద" అన్నాడు. వారంరోజులుగా వచ్చి చూచుకొంటున్నాడని తరువాత తెలిసింది.

"పెద్దతాతా, నీకు సర్టిఫికెట్ ఉందా?" అన్నాడు మనవడు.

"ఎందుకు లేదు?" అని అన్న నా నుదుటివైపు వేలు చూపించాడు.

అంగీ విప్పి మడిచి రాయికింద పెట్టాడు. మోకాళ్ళు పట్టుకొని నెమ్మదిగా బండ ఎక్కాడు. ఆ మోకాళ్ళు చూచి వద్దందామనుకొన్నాను. ఆలోపలే చేతులు చాచాడు. కొంగ. చప్పుడు లేదు. నేను లెక్కపెట్టడం మొదలుపెట్టాను. పది, పదిహేను, ఇరవై. మనవడు నా చెయ్యి పట్టుకొన్నాడు. ఇరవైఎనిమిది దగ్గర నీళ్ళలోనుంచి ముందు పిడికిలి వచ్చింది, తరువాత తల వచ్చింది. పిడికిలి విప్పితే ఇసుక కాదు, నల్లటి ఒండ్రు. "ఇసుక కిందికి పోయింది" అన్నాడు.

నేను రోకలే వేశాను. అరవైయారేళ్ళకు అది చాలు. నీళ్ళు గోరువెచ్చగా, మన్నువాసనగా ఉన్నాయి. అడుగున వేళ్ళు తగలగానే నాకు పదేళ్ళు. పైకి వచ్చి పిడికిలి చూపిస్తే అన్న పట్టుకొని పరీక్షించి, "సరే, లెక్కల్కి ఒస్తది" అన్నాడు.

మనవడు అద్దాలు పెట్టుకొన్నాడు. లోపల ఏమీ కనిపించడం లేదని తీసేశాడు. మా ఇద్దరినీ కింద నిలబెట్టి కప్ప వేశాడు. తేలిన తరువాత ఉత్తచేతులు చూపించాడు.

బండమీద ముగ్గురం ఆరుతూ మామిడిపండ్లు తింటున్నాం. అప్పుడు, ఇంక ఆగలేక, "అన్నా, ఆ రోజు..." అన్నాను.

అన్న వినిపించుకోలేదు. మనవడితో మాట్లాడుతున్నాడు: "మీ తాత నాకు రూపాయి ముప్పావల బాకీ ఉన్నడు, తెల్సా?"

"తీర్చిన గద" అన్నాను. గొంతు సరిగా రాలేదు. "ఎనభైయొకటిల."

"ఎప్పుడు తీర్చినవ్?" అని టెంక నీళ్ళలోకి విసిరాడు. "నాకు యాదికి లేదు."

మనవడు లేచి తడికాళ్ళతో మళ్ళీ బండ అంచుకు వెళుతున్నాడు. "ఈసారి మన్ను తెస్తా" అంటున్నాడు. వెదురుగడ అందుకొని ఇద్దరం లేచాం.